అరవై మీద ముల్లు

విమానం ముక్కు ఎంత పైకెత్తితే అంత పైకి పోతుందని జనం అనుకుంటారు. చదువుకున్నవాళ్లూ అనుకుంటారు, చదువుకోనివాళ్లూ అనుకుంటారు. ఈ ఒక్క విషయంలో మనుషులంతా సమానం. అందరూ కలిసి తప్పే.

రేవులో క్రేను నడిపే క్రేనమ్మ కూడా అలాగే అనుకుంది. అసలు పేరు జీతం చీటీ మీద ఉంటుంది గానీ దానితో పిలిచేవాళ్లెవరూ లేరు. కట్టుకున్న మొగుడే నలుగురిలో క్రేనమ్మా అంటాడు. చేయి తిరిగిన మనిషి. రెండు లారీల బరువున్న పెట్టెను ఓడలోంచి తీసి, కింద నిలబడ్డవాడి టోపీ కూడా కదలకుండా దించుతుంది. అలాంటి మనిషికి ఎగరడం నేర్చుకునే అవకాశం ఊరికే రాలేదు. ఊరికే ఏదీ రాదు.

ఎగిరే క్లబ్బు ఉన్న గడ్డి మైదానం రేవుది. ఎగిరేది మాత్రం కార్లలో వచ్చే బయటివాళ్లు. రేవు సంఘం వాళ్ల గేటు ముందు ఎండలో కూర్చుని, నినాదాలిచ్చి, తిట్లు తిని, చివరికి ఒక సీటు సాధించింది. ఏటా రేవు మనిషి ఒకరికి ఖర్చు లేకుండా శిక్షణ. చీటీలు వేస్తే మొదటి ఏడు క్రేనమ్మ పేరు వచ్చింది. కానీ క్లబ్బు కార్యదర్శి ఒప్పందంలో ఒక మెలిక పెట్టాడు. వానలు మొదలై మైదానం బురదయ్యేలోగా ఆ మనిషి ఒంటరిగా ఎగిరి, ఒక చుట్టు తిరిగి, దిగాలి. చేయలేకపోతే సీటు రద్దు. ఆమెకే కాదు, ఆ తర్వాత రావలసిన వాళ్లందరికీ రద్దు.

కార్యదర్శి చెడ్డవాడని నేననను. కుర్చీ వేయిస్తాడు, టీ ఇప్పిస్తాడు. "మీకు కష్టంగా ఉంటే మానేయండమ్మా, ఎవరూ ఏమీ అనుకోరు" అంటాడు. ఎవరూ ఏమీ అనుకోరని చెప్పేవాడు అప్పటికే అనుకుని కూర్చున్నాడని అర్థం. ఎత్తంటే ఆమె కళ్లు తిరుగుతాయని అతని నమ్మకం. రోజంతా గాల్లో అద్దాల గదిలో కూర్చుని అన్నం తినే మనిషికి కళ్లు తిరుగుతాయట.

నేర్పేది ఒక పడుచు పంతులమ్మ. క్రేనమ్మ కన్నా పదేళ్లు చిన్నది. క్రేనమ్మ ఆమెను మేడమ్ అంటుంది, ఆమె క్రేనమ్మను అక్కా అంటుంది. విమానం చిన్నది. పక్కపక్కన రెండు సీట్లు, ఎవరి మోకాళ్ల మధ్య వాళ్లకొక కర్ర. కుడిచేత్తో కర్ర పట్టుకోవాలి, ఎడమచేత్తో ఇంజిన్‌కు బలం పెంచే పిడి పట్టుకోవాలి. కర్రను వెనక్కి లాగితే ముక్కు లేస్తుంది, ముందుకు తోస్తే వాలుతుంది. తిన్నగా నడపడం క్రేనమ్మకు తొందరగానే వచ్చింది. తిప్పడం వచ్చింది. దించడం సంగతి చెప్పక్కర్లేదు, నిద్రపోయే పిల్లను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దించేది. ఎక్కడం దగ్గరే వచ్చింది చిక్కు.

మైదానం చివర పొడుగాటి చెట్ల వరుస ఉంది. విమానం నేల వదలగానే ఆ చెట్లు ఎదురొస్తాయి. అవి కనబడగానే క్రేనమ్మ కుడిచేయి తనంతట తాను కర్రను లాగేది. ముక్కు ఆకాశానికి లేచేది. ఒక్క క్షణం భేషుగ్గా ఎక్కినట్టుండేది. తర్వాత వేగం పడిపోయేది, ఇంజిన్ మూలిగేది, రెక్కలో ఉన్న పీక కూత పెట్టేది. ఇంకొంచెం లాగితే రెక్కలు గాలిని వదిలేస్తాయని చెప్పే కూత అది. పంతులమ్మ తన కర్రను ముందుకు తోసి వేగం తెచ్చుకుని, చెట్లు దాటించేది. ఒకసారి కాదు, ప్రతిసారీ అదే తంతు.

కిందకు దిగాక బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పేది. పుస్తకాల్లో ఈ సంగతికి వంకర గీతలు గీసి జనాన్ని హడలగొడతారు. అందులో హడలిపోయేదేమీ లేదు. విమానం ఎక్కడానికి రెండు వేగాలు తెలిస్తే చాలు. వాళ్ల విమానానికి ఒకటి అరవై, ఒకటి డెబ్భై రెండు. వేగం చూపే మీటరులో అరవై మీద ముల్లు నిలబెడితే, ముందుకు పోయే ప్రతి గజానికీ అన్నిటికన్నా ఎక్కువ ఎత్తు దొరుకుతుంది. ఎదురుగా చెట్టో గోడో ఉంటే అది కావాలి. డెబ్భై రెండు మీద నిలబెడితే, గడిచే ప్రతి నిమిషానికీ అన్నిటికన్నా ఎక్కువ ఎత్తు దొరుకుతుంది. అడ్డం దాటాక త్వరగా పైకి చేరాలంటే అది కావాలి. అరవై కన్నా తగ్గితే రెండూ పోతాయి. డెబ్భై రెండు దాటినా రెండూ తగ్గుతాయి.

ఇంకో ముచ్చట కూడా చెప్పింది. పైకి పోయేకొద్దీ ఈ రెండు వేగాలూ దగ్గరవుతాయట. ఇక ఒక్క అడుగు కూడా ఎక్కలేని ఎత్తులో రెండూ ఒకటైపోతాయట. "అత్తాకోడళ్లలాగా అన్నమాట" అంది క్రేనమ్మ. "ఇద్దరికీ ఓపిక అయిపోయినప్పుడే కలుస్తారు."

ఆమెకు అర్థం కాలేదనుకోకండి. అర్థమైంది. అడిగితే నిద్రలో కూడా చెప్పేది. అర్థమైంది తలకు. చేతికి కాలేదు.

ఇంట్లో ముగ్గురే మనుషులు. మొగుడు బస్సు కండక్టరు. అత్త ఆసుపత్రి బట్టలు ఇస్త్రీ చేసి చేసి మానేసిన మనిషి, నోరు మాత్రం మానలేదు. కోడలు మొహం మాడ్చుకుని వచ్చిన సాయంత్రం అత్త సంగతేమిటని అడిగింది. విన్నది. లాగొద్దంటే లాగకుండా ఉండటానికి ఇంత చదువు కావాలా అని మూతి విరిచింది. మర్నాటి నుంచి వంటింట్లో శిక్షణ మొదలుపెట్టింది.

కోడల్ని పీట మీద కూర్చోబెట్టి, కుడిచేతికి పప్పుగుత్తి ఇచ్చింది. కొడుకు ఎదురుగా నిలబడి బస్సులో స్టాపుల పేర్లు అరిచినట్టు వేగాలు అరవాలి. యాభై అంటే కోడలు తోయాలి. ఎనభై అంటే కొంచెం లాగాలి. మధ్యలో అత్త ఉన్నట్టుండి చెట్టు చెట్టు అని అరిచేది. కోడలు పప్పుగుత్తిని ఠక్కున లాగేది. వెంటనే ఆ చేతి మీద గరిటె దెబ్బ పడేది.

"ముందు చెట్టుందే అమ్మాయ్, చూసుకో అన్నాను గానీ, గుత్తి లాగమన్నానా?"

"చూస్తే చెయ్యి ఆగట్లేదత్తయ్యా."

"ఆగకపోతే కట్టేస్తా. రేపట్నుంచి అన్నం కూడా నేనే తినిపిస్తా."

కండక్టరు ఊరుకోడు కదా. ముందు డోరు దగ్గర చోటుంది, చెట్లు కాస్త లోపలికి జరగండి అనేవాడు. ముగ్గురూ పడీ పడీ నవ్వేవాళ్లు. పొయ్యి మీది కూర అడుగంటేది. నవ్వు బాగానే ఉంది గానీ చేయి మారలేదు. ఆదివారం మళ్లీ చెట్లు, మళ్లీ లాగుడు, మళ్లీ పీక. మబ్బులు అప్పుడే ఒక్కొక్కటీ పోగవుతున్నాయి.

పంతులమ్మ అందరు పంతుళ్లలాంటిది కాదు. చాలామంది పంతుళ్లు చెప్పిందే చెప్పి, రాకపోతే నీ బుర్రే అంత అని చేతులు దులుపుకుంటారు. ఈమెకు వేరే అనుమానం వచ్చింది. తలకు తెలిసిన పని చేతికి తెలియలేదంటే ఆ చేతికి ఇంకేదో ముందే బాగా తెలిసి ఉండాలి. మీరు పని చేసేచోటు చూడొచ్చా అక్కా అని అడిగింది.

మధ్యాహ్నం అన్నం వేళ, క్రేను ఆపినప్పుడు వచ్చింది. పొడుగాటి ఇనుప నిచ్చెన చూసి తెల్లబోయింది. మేఘాల పైన తిరిగే మనిషి ఆ నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి తీసేసింది. సగంలో కళ్లు మూసుకుని కడ్డీలను కావలించుకుని ఆగిపోయింది.

"రెక్కలుంటే భయం లేదక్కా. నిచ్చెనంటేనే" అంది.

కింద నుంచి క్రేనమ్మ ఆమె మడమలు పట్టుకుని ఒక్కొక్క మెట్టు మీదా పెట్టించింది. కింద రేవు జనం అన్నం గిన్నెలు పక్కన పెట్టి మరీ చూశారు. సిగ్నల్ ఇచ్చే పెద్దాయన, మేడమ్‌ను కొక్కేనికి తగిలిస్తే తొందరగా చేరేది కదా అన్నాడు.

పైన అద్దాల గదిలో కుర్చీ, చెరోవైపు ఒక్కో లివరు. క్రేనమ్మ కుర్చీలో కూర్చుని కుడి లివరు పట్టుకుంది. ఖాళీ చెక్కపలకను కొక్కేనికి తగిలించారు. ఆమె లివరును వెనక్కి కాస్త లాగింది. పలక నెమ్మదిగా లేచింది. ఇంకాస్త లాగింది. వేగంగా లేచింది. పూర్తిగా లాగింది. దూసుకొచ్చింది. పంతులమ్మ కింద చూడటం మానేసింది, భయం కూడా మరిచిపోయింది. ఆ చేతినే చూస్తోంది.

"మళ్లీ లాగండక్కా."

మళ్లీ లాగింది.

"మీరు లాగినప్పుడు ఏమవుతోంది?"

"పైకొస్తోంది."

"పలక సంగతి కాదు. మోటారు?"

క్రేనమ్మ ఆలోచించింది. చెవికి రోజూ వినిపించేదే. "మోటారు గట్టిగా తిరుగుతుంది."

"అదీ. ఇక్కడ మీ కుడిచేయి లాగితే మోటారుకు బలం పెరుగుతుంది. అక్కడ విమానంలో కుడిచేయి లాగితే ఇంజిన్‌కు ఏం పెరుగుతుంది?"

పలక గాల్లో వేలాడుతూ ఉంది. క్రేనమ్మ లివరు వైపు చూసింది, తన ఎడమచేతి వైపు చూసింది.

"ఏమీ పెరగదు" అంది.

"ఈ లివరు అక్కడ కర్ర కాదక్కా. అక్కడ మీ ఎడమచేతిలో ఉన్న పిడి. దాన్ని నేల మీదే పూర్తిగా తోసేస్తాం. ఉన్న బలమంతా అప్పుడే ఇచ్చేశాం. ఇంక ఎక్కడా మిగల్లేదు. కర్రతో బలం పుట్టదు. ఉన్న బలాన్ని దేనికి వాడాలో చెప్పడానికే కర్ర. చెట్టుకా, ఎత్తుకా, అంతే."

ఇన్నాళ్లూ ఆ మాట పంతులమ్మకే దొరకలేదు. లాగొద్దు, లాగొద్దు అనడమే దొరికింది. లాగొద్దంటే చేయి వినదు. లాగి ఎత్తే పని అంతకుముందే అయిపోయిందని చెప్పాలి. ఎత్తే చేతికి ఎత్తడం పూర్తయిందని తెలిస్తేనే అది ఖాళీగా కూర్చుంటుంది. క్రేనమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఎడమచేతిని ముద్దుపెట్టుకుని, పని చేసేది నువ్వా, పేరు దానిదా అంది. దిగేటప్పుడు పంతులమ్మ మళ్లీ కళ్లు మూసుకుంది.

ఆ వారమే ఇద్దరూ కలిసి ఎత్తుకు పోయారు. కింద చెట్లు లేని చోట, పైన బోలెడంత ఆకాశం ఉన్న చోట. ఇంజిన్‌కు నిండా బలమిచ్చి రకరకాల వేగాలతో ఎక్కి చూడమంది పంతులమ్మ. విమానం ఎంత త్వరగా ఎక్కుతోందో చూపే మీటరు ఒకటుంది, దాని మీద కన్ను పెట్టమంది. యాభై దగ్గర ముక్కు గర్వంగా ఆకాశంలో ఉంది, పీక సన్నగా కూస్తోంది, మీటరు చూస్తే బద్ధకంగా ఉంది. అరవైకి దించితే మీటరు లేచింది. ఇంకా దించింది. డెబ్భై రెండు. ముక్కు వాలింది, మీటరు ఇంకా పైకి పోయింది. ముక్కు దించితే ఎక్కువ ఎక్కడమేమిటి అని క్రేనమ్మ కళ్లు పెద్దవి చేసి, మళ్లీ పైకెత్తి, మళ్లీ దించి, కొత్త బొమ్మ దొరికిన పిల్లలా అదే పని పదే పదే చేసింది. తొంభైకి పోతే మీటరు మళ్లీ పడిపోయింది. బలమంతా పరుగుకే ఖర్చయిపోయిందన్నమాట.

ఆ తర్వాత చెట్లు ఎదురొచ్చినప్పుడు పీక కూయలేదు. ఎడమచేయి పిడిని పూర్తిగా తోసి, అయిపోయింది అని పైకే అనేది. కుడిచేయి రెండు వేళ్లతో కర్ర పట్టుకునేది. ముల్లు అరవై మీద నిలబడేది. ముక్కును ఆకాశానికీ నేలకూ మధ్య ఎక్కడ పెడితే అరవై వస్తుందో కంటికి పట్టుబడింది. ఆ గీతకు తెస్తే అరవై, అంతే. చెట్ల తలలు చక్రాల కింద నుంచి పోయేవి.

ఇదంతా బాగానే ఉంది గానీ మబ్బులు ఆగవు కదా. వానలకు ముందు మిగిలిన చివరి ఆదివారం కార్యదర్శి కమిటీ వాళ్లను పిలిచి వరండాలో కుర్చీలు వేయించాడు. కంచె అవతల రేవు జనం నిలబడ్డారు. అత్త మడత కుర్చీ తెచ్చుకుంది. కండక్టరు సెలవు పెట్టి వచ్చాడు. మొదటి చుట్టు పంతులమ్మ పక్కన కూర్చుని తిరిగింది. దిగాక బెల్టు విప్పి, ఇంజిన్ నడుస్తుండగానే తలుపు తీసింది.

"నేను దిగుతున్నానక్కా. మీరు పోయి రండి."

అంతకు మించి ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేదనుకుంది. ఒక్క మాట చెప్పి ఉండాల్సిందని ఆమెకు తర్వాత తట్టింది.

పక్క సీటు ఖాళీ. క్రేనమ్మ ఎడమచేత్తో పిడి తోసింది. అయిపోయింది అంది. ఒక మనిషి బరువు తగ్గిన విమానం దూడలా గెంతింది. రోజూ నేల వదిలే చోటు రాకముందే లేచిపోయింది. ఆమె ముక్కును అలవాటైన గీతకు తెచ్చి పెట్టింది. చెట్లు ఎదురొస్తున్నాయి. ముల్లు చూసింది.

అరవై లేదు. డెబ్భై. ఇంకా పెరుగుతోంది.

చూడండి ఆమె స్థితి. ముక్కు నేర్చుకున్నచోటే ఉంది. చేయి నేర్చుకున్నట్టే ఖాళీగా ఉంది. అందరూ చెప్పింది చెప్పినట్టు చేసింది. చెట్లు మాత్రం దగ్గరవుతున్నాయి, ముల్లు మాత్రం అరవై మీద లేదు. ఇప్పుడు ముల్లును అరవైకి తేవాలంటే ఒకటే దారి. లాగాలి. ఏ పని చేయొద్దని నెలల తరబడి పంతులమ్మ గొంతు పోయేలా చెప్పిందో, ఏ పనికి అత్త గరిటెతో చేయి వాచేలా కొట్టిందో, ఆ పని.

ఆమె భయపడలేదని రాస్తే అబద్ధం. కానీ ఆ భయంలోనే లెక్క తేలింది. బరువు తగ్గింది. మోసే బరువు తగ్గితే అదే మోటారుకు బలం మిగులుతుంది, ఇది క్రేను మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. మిగిలిన బలం వేగంలోకి పోతోంది. దాన్ని చెట్టుకు ఖర్చుపెట్టాలి. ముక్కు పెట్టే గీత మారింది, అరవై మారలేదు. అంత పెద్ద చేతిలో రెండే వేళ్లు కర్రను వెనక్కి తెచ్చాయి. లాగడం కాదు, అడగడం.

వరండాలో కార్యదర్శి లేచి నిలబడ్డాడు.

"చూశారా, లాగింది. చెప్పానా నేను."

కంచె అవతల అత్త కూడా చూసింది. కుర్చీలోంచి లేచి, ఒసేవ్ ఒసేవ్ అని రెండు చేతులూ కిందకు ఊపింది, వంటింట్లో లాగానే. పంతులమ్మ చెవులు రిక్కించి పీక కోసం వింది. ముక్కు రోజూ కన్నా ఎత్తుగా ఉంది. పీక కూయలేదు. ముక్కు ఇంకా ఎత్తుకూ పోలేదు, ఒక్కచోట నిలబడిపోయింది, గీత గీసినట్టు. అప్పుడు ఆమెకు తట్టింది, తన బరువు ఆ విమానంలో లేదని. నేను చెప్పడం మరిచిపోయాను, ఆవిడే కనిపెట్టింది అని తనలో తాను అనుకోబోయి పైకే అనేసింది. కార్యదర్శి ఏమిటని అడిగాడు. ఆమె నవ్వుతోంది, ఏడుస్తోంది, ముక్కు తుడుచుకుంటోంది.

చెట్లు కిందకు పోయాయి. ఎప్పుడూ లేనంత కిందకు. పైన క్రేనమ్మ ముక్కు వాల్చింది. ముల్లు డెబ్భై రెండు మీదికి వచ్చి కూర్చుంది. మీటరు చూస్తే పంతులమ్మ ఉన్నప్పుడు ఎన్నడూ పోని అంకె దాకా పోయింది. మేడమ్ ఇంత బరువుందా అని ఆమెకు నవ్వొచ్చింది. వినేవాళ్లు లేరు కాబట్టి గట్టిగానే నవ్వింది. రేవు మొత్తం అరచేతిలో పట్టేంత అయింది. తన క్రేను ఎక్కడుందో వెతికింది. కనబడింది, కిందెక్కడో, పుల్లలా. ఇన్నేళ్లూ అంత పొట్టిదాంట్లోనా కూర్చున్నది అనుకుంది.

దిగడం గురించి రాయను. మీకు తెలుసు. గడ్డి కూడా నలగలేదు.

ఇంజిన్ ఆపేసరికి కంచె మీంచి దూకినవాళ్లు దూకారు, గేటు తోసినవాళ్లు తోశారు. సభ్యులకు మాత్రమే అని రాసున్న వరండా మెట్ల మీద ఆ రోజు సభ్యులకే చోటు దొరకలేదు. అత్త ముందు వెళ్లి కోడలి కుడిచేయి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "లాగావు కదే" అంది.

"లాగాల్సి వచ్చిందత్తయ్యా."

"మరి నేను కొట్టిన దెబ్బలు?"

"అవి లేకపోతే ఎంత లాగాలో తెలిసేది కాదు."

అత్త తృప్తిగా తలూపి, ఆ చేతిని వదలకుండా పట్టుకుంది. కండక్టరు రైట్ రైట్ అని అరవబోయి రెండో రైట్ మింగేశాడు. కార్యదర్శి వచ్చి అభినందించాడు, మర్యాదగానే. సీటు ఉంటుందని కమిటీ చేత అందరి ముందూ చెప్పించింది రేవు సంఘం పెద్ద. ఉంటుందేమో కాదు, ఉంటుంది అని రెండుసార్లు చెప్పించింది. ఒక్కసారితో ఆగకూడదు ఇలాంటివాళ్ల దగ్గర.

చినుకులు మొదలయ్యాయి. ఎవరూ కదల్లేదు. జనంలోంచి తూకం కాటా దగ్గర పని చేసే మనిషి ఒకతె ముందుకొచ్చింది. వచ్చే ఏడు చీటీలో తన పేరు కూడా వేస్తానంది. వేసే ముందు ఒక సంగతి తెలియాలంది. విమానం పైకి పోవాలంటే ముక్కు ఎంత ఎత్తాలి అని అడిగింది.

పంతులమ్మ చెప్పబోయింది. క్రేనమ్మ ఆమె భుజం మీద చేయి వేసి ఆపింది.

"ముక్కు సంగతి తర్వాతమ్మా. ముందు ఇటు రా, ఆ కాటా దగ్గర నీ చెయ్యి రోజంతా ఏం చేస్తుందో చూపించు."

వానలో నిలబడి ఆ మనిషి చూపించడం మొదలుపెట్టింది.